తెరమీది బంగారము

బంగారమును గూర్చి కథ చెప్పువానికి శ్రోత లెన్నడును కొఱవడరు. దొరకిన బంగారము, పోయిన బంగారము, పాతరలోని బంగారము, పరుల బంగారము, దేనిని గూర్చి చెప్పినను పిల్లలు నిదుర మఱతురు, పెద్దలు పని మఱతురు. పూర్వ మీ కథలను అవ్వలు చెప్పెడివారు. ఇప్పుడు గోడమీది టెలివిజను చెప్పుచున్నది. అవ్వ చెప్పునపుడు "అనగా అనగా" యని మొదలిడెడిది. ఆ రెండు మాటలతోనే యిది కల్పనయని పసివానికి గూడ తెలిసెడిది. టెలివిజను అట్లు చెప్పదు. ఒక సంవత్సరమును జెప్పును, ఒక యూరి పేరు జెప్పును, పాత ఛాయాచిత్రమువంటి దానిని జూపును. మొదట "ఇది కేవలము కల్పితము" అను ప్రకటన క్షణకాలము కనబడును గాని, దానిని చదువువా రెవ్వరు? ఆ సమయమున ఇంటిలో నొకరు మంచినీళ్లకు లేతురు, మఱియొకరు వీధితలుపు గడియ వేయుటకు పోదురు.

బంగారు గనులను గూర్చిన యిట్టి నాటకములలో చరిత్ర యెంత యుండవలెను, వినోద మెంత యుండవలెను? సికింద్రాబాదులోని మా యింట నీ ప్రశ్న పలుమాఱులు చర్చకు వచ్చినది. "చరిత్ర కావలసినవారు పుస్తకము చదువుకొందురు గాక, తెరముందు కూర్చున్నవాడు పాఠము నడుగుటకు రాలేదు" అని మా యింటి పిన్నలందురు. "తేదీ యొకటి తప్పినను నాటకమంతయు తప్పే" యని పెద్దలందురు. ఈ రెండు పక్షములలో దేనిలోను నేను చేరజాలకున్నాను. ఎందుచేతనో చదువరులకు విన్నవించెదను.

"కె.జి.ఎఫ్." అను కన్నడ చిత్రపు మొదటి భాగము 2018 డిసెంబరులోను, రెండవ భాగము 2022 ఏప్రిలులోను వెలువడినవి. ప్రశాంత్ నీల్ దర్శకుడు, యశ్ కథానాయకుడు. రెండు భాగములను తెలుగు మాటలతో గూడ విడుదల చేసిరి. రెండవ భాగము వేయి కోట్ల రూపాయలకు పైబడి గడించినది. ఇప్పటికిని టెలివిజనులో వచ్చినప్పుడెల్ల మా వీధిలో పలు యిండ్లనుండి ఆ సంగీతమే వినవచ్చును. కోలారు బంగారు గనుల పేరు నేటి తెలుగు పిల్లలకు తెలిసియుండుటకు ముఖ్యకారణ మీ చిత్రములే. కథ సంగ్రహముగా నిది: 1951లో నొకచోట బంగారము బయటపడును. ఒక దుర్మార్గుడు సున్నపురాతి గనియను మిషతో ఆ భూమిని 99 ఏండ్లకు కౌలు గైకొని, పేదలను పట్టి తెచ్చి, తుపాకుల కాపలా నడుమ బానిసలుగా త్రవ్వించును. బయటి లోకమున కీ సంగతి తెలియదు. తుదకు బొంబాయినుండి యొక వీరుడు వచ్చి, ఆ యజమానుని కొడుకును వధించి, వారికెల్లర ప్రభువగును. చూచువారిని కూర్చున్నచోటనే కట్టివేయు నేర్పు ఆ చిత్రమున గలదు; దానిని కాదనుట న్యాయము గాదు.

ఇక నిజమైన కోలారు కథ యిది. 1802లో వారెన్ అను నాంగ్ల సైనికోద్యోగి ఆ ప్రాంతమున సర్వే చేయుచు, బంగారము తెచ్చి చూపినవారికి బహుమానమిత్తునని ప్రకటించెను. గ్రామస్థులు బండెడు మట్టిని దోలుకొనివచ్చి, ఆయన యెదుటనే కడిగి, అడుగున మిగిలిన బంగారపు రేణువులను జూపిరి. అనగా దొర కనుగొనుటకు ముందే రైతున కా సంగతి తెలియును. ఆ నివేదికను జదివి, లావెల్ అను నైర్లండు దేశపు మాజీ సైనికుడు 1873లో మైసూరు ప్రభుత్వమును త్రవ్వుట కనుమతి కోరి, పిమ్మట పొందెను. అతని చేతిలో ధనము చాలలేదు. 1880లో లండనులోని జాన్ టెయిలర్ అండ్ సన్స్ వారు రంగమున బ్రవేశించిరి, గనులు నిలద్రొక్కుకొన్నవి. 1902లో శివసముద్రపు జలపాతమువద్ద పుట్టించిన విద్యుచ్ఛక్తిని 90 మైళ్లకు పైబడిన దూరము తీగలమీదుగా ఈ గనులకే తెచ్చిరి. 1956లో ప్రభుత్వము గనులను స్వాధీనము చేసికొనెను. 1972లో భారత్ గోల్డ్ మైన్స్ అను ప్రభుత్వ సంస్థ యేర్పడెను. 2001 ఫిబ్రవరి 28వ తేదీన గనులు మూతపడినవి. నూటయిరువది యేండ్లలో నచ్చట తీసిన బంగారము సుమారు 800 టన్నులు.

కావున 1951 నాటికి కోలారులో రహస్యమనున దేమియు లేదు. రైలు గలదు, ఆసుపత్రి గలదు, దొరల క్లబ్బు గలదు, కూలివాని రేకుల గుడిసెల వరుసలు గలవు, కార్మిక సంఘములు గలవు. చిత్రము వలసినంత చరిత్రను మార్చినదనుటలో సందేహము లేదు. ఇంతమాత్రమునకే దానిని దూషింపవలెనా? నేను దూషింపను. సంవత్సరమును మార్చుట, లేని దుర్మార్గుని సృష్టించుట, లేని కోటను గట్టుట కథకుని కనాదిగా నున్న యధికారమే. నా బాధ వేఱు. దానిని నాకు తెలియజెప్పినవాడు మా వీధి చివరనుండు నొక వృద్ధుడు.

ఆయన రైలు కర్మశాలలో చిరకాలము కొలువుచేసి విశ్రాంతి గైకొన్నవాడు. స్వస్థలము చిత్తూరు జిల్లా కుప్పము ప్రాంతము. ఆయన తండ్రి యువకుడుగా కోలారునకు బోయి, ఛాంపియన్ రీఫ్ గనిలో సొరంగపు కప్పు కూలకుండ దుంగలు నిలబెట్టు పనిలో జేరి, ఆ పనిలోనే ముసలివాడయ్యెనట. ఒకనాటి సాయంకాల మాయన మా యరుగుమీద కూర్చుండి యిట్లనెను: "మా మనవడు బడిలో అందరికీ చెప్పుకుంటా వుండాడమ్మా, మా జేజినాయన కె.జి.ఎఫ్.లో బానిసని. పిల్లోళ్లు చప్పట్లు గొట్టినారంట. మా నాయన బానిస గాదు తల్లీ. నలభైయారులో సమ్మె జేసి, కూలి పోయినా నిలబడిన మనిషి. ఆ మాట యాడా రాలేదే ఆ సినిమాలో!"

నేను వెంటనే బదులు చెప్పలేకపోతిని. ఆయన కోపము చిత్రముమీద గాదు. మనవని యమాయకత్వముమీదను గాదు. తన తండ్రి జీవితములో తాను దాచుకొన్న యొకేయొక యాస్తిని తెలియకయే యెవరో తీసికొనిపోయినట్లు ఆయనకు తోచినది.

ఆయన చెప్పిన సమ్మె చరిత్రలో నున్నది. గనుల కూలీలలో నధికసంఖ్యాకులు ఉత్తర ఆర్కాటు మొదలగు తమిళ జిల్లాలనుండి వచ్చిన దళితులు. పొరుగుననున్న చిత్తూరు, కడప సీమలనుండి పోయిన తెలుగువారును గలరు. తమ యూళ్లలో భూస్వాముల వాకిట వంగి నిలుచుటకంటె భూగర్భమున బండలు కొట్టుటయే మేలని వచ్చినవారు వారిలో ననేకులు. పని యెట్టిదో చదువరు లొకమాఱు తలంపవలెను. ఛాంపియన్ రీఫ్ గని మూడు కిలోమీటర్లకు పైబడిన లోతునకు దిగినది. అంత లోతున రాతి వేడిమి 60 డిగ్రీలను దాటును. పైనున్న కొండబరువునకు లోపలి రాయి యకస్మాత్తుగా ఫిరంగివలె ప్రేలి మనుష్యులమీద విరుచుకపడును. గనివారు దీనిని రాక్ బరస్ట్ అందురు. ప్రమాదము దప్పినవానిని రాతిధూళి విడువదు; అది యూపిరితిత్తులలో బేరుకొని సిలికోసిస్ అను వ్యాధిని దెచ్చును. పని ముగించి పైకి వచ్చిన కూలివానిని బంగారపురాయి దాచెనేమోయని యొడలెల్ల తడవి చూచిన పిదపనే యింటికి బోనిచ్చెడివారు.

అట్టి మనుష్యులు మూగలై యుండలేదు. 1930లో ప్రతి కూలివాడును వ్రేలిముద్రలిచ్చి నమోదు కావలయునని యజమానులు నిబంధన పెట్టగా, మేము దొంగలమా యని వేలాదిమంది పని మానిరి. అప్పటికి వారికి గుర్తింపు పొందిన సంఘమైనను లేదు. 1946లో మఱల పెద్ద సమ్మె జరిగెను. ఆ యేడు నవంబరు 4వ తేదీన జరిగిన పోలీసు కాల్పులలో నారుగురు కార్మికులు మరణించిరి. చిత్రములోని కథ మొదలగుటకు సరిగా నైదేండ్ల ముందు మాట యిది.

ఇప్పుడు చిత్రకథను మఱల తలంచుడు. అందులో పేద లున్నారు, ఆకలి యున్నది, కొరడా యున్నది. ఆ క్రూరత్వము సర్వము నబద్ధ మనజాలము. నిజమైన గనులలోను క్రూరత్వము గలదు. కాని యా పేదలు ఏమి చేయుదురు? ఎదురు చూతురు. ఏడ్తురు. వీరుడు వచ్చినపుడు మ్రొక్కుదురు. వారిలో నొక్కడైనను ప్రక్కవానితో "రేపు మన మెవ్వరమును లోనికి దిగవద్దు" అనడు. 1930లోను 1946లోను నిజమైన కూలివా డనిన మాట యదియే. కథకుడు సంవత్సరమును మార్చినపు డెవ్వరికిని నష్టము లేదు. ఆ మాటను మ్రింగినపుడు మాత్రము ఒక జనసమూహము తన పౌరుషమును గోల్పోయినది. అందుచేతనే బడిలోని బాలుడు బానిసత్వమును గర్వముగా జెప్పుకొనుచున్నాడు. అతనికి గర్వింపదగిన వేఱు వస్తువును మన మీయలేదు.

"కల్పించిన వీరుడు లేనిదే కథ నడచునా?" యని యడుగువారు గలరు. మన నాటక చరిత్రమునుండియే యొక యుదాహరణము చూపెదను. వేదము వేంకటరాయశాస్త్రిగారి ప్రతాపరుద్రీయము 1897 నాటిది. చరిత్రను బట్టి చూచిన, 1323లో ఓరుగల్లు పడిపోగా ప్రతాపరుద్రుని ఢిల్లీకి గొనిపోవుచుండిరి. ఆయన త్రోవలోనే మరణించెను. నాటకమున మంత్రి యుగంధరుడు తన యుపాయముచే రాజును విడిపించి తెచ్చును. ఇంతకంటె చరిత్రకు విరుద్ధమైనది యేమున్నది? అయినను ఆ నాటకమువలన తెలుగువారి కెవ్వరికిని హాని కలుగలేదు సరికదా, మేలే కలిగినది. రాజును బోలిన చాకలి పేరిగాడు అందు గలడు. చరిత్ర గ్రంథములలో వానికి చోటు లేదు. శాస్త్రిగారు వానికి చోటిచ్చిరి, అంతటితో నాగక వాని భాషను వానికే యిచ్చిరి. రాజులు గ్రాంథికము పలుకుచున్న రంగస్థలముమీద నొక చాకలి తన యింటి మాటలతో నిలిచెను. శాస్త్రిగారి కల్పన చరిత్ర విడిచిన మనుష్యుని లోనికి దెచ్చినది. కోలారు చిత్రపు కల్పన చరిత్రలో నున్న మనుష్యుని వెలుపలికి ద్రోసినది. రెండును అసత్యములే, రెండును సమానములు గావు.

ఈ కొలత మన దేశపు కథలకే గాక పరదేశముల కథలకును జెల్లును. బంగారపు పరుగులకు ప్రసిద్ధిజెందిన అమెరికాలో ఇట్టి టెలివిజను నాటకములు పెక్కు వచ్చినవి. 2014లో వచ్చిన "క్లోండైక్" అనునది కెనడా యుత్తరభాగమున 1896లో బంగారము దొరకిన కథ. లక్షమంది బయలుదేరగా ముప్పది నలుబదివేలమంది మాత్రమే గమ్యము జేరిరి. సంవత్సరమునకు సరిపడు నాహారము లేనివానిని సరిహద్దు దాటనీయమని యచ్చటి పోలీసులు శాసించిరి. ఒక్కొక్కడు టన్ను బరువును మంచుకొండమీదికి విడతలు విడతలుగా వీపున మోసెను. ఇంతకంటె గొప్ప నాటకమేమి కావలెను? అయినను ఆ ధారావాహికవారు హత్య యొకదానిని కల్పించి కథకు వెన్నెముకగా జేసిరి. ప్రేక్షకుడు హంతకు డెవ్వడాయని చూచుచుండగా, మోసినవాని వీపు మఱపునకు వచ్చినది.

2004 మొదలు 2006 వఱకు నడచిన "డెడ్‌వుడ్" అట్లు గాదు. అందలి పాత్రలలో ననేకుల పేర్లు నిజమైనవి. వారి జీవితములనో, వలసినట్లు మార్చిరి. సేత్ బుల్లక్ అనువాడు నిజమునకు తన బాల్యస్నేహితురాలిని వివాహమాడెను. నాటకమున నామె యతని యన్నగారి విధవ. సంభాషణములలోని బూతు లా కాలమునాటివి గావని పండితులు చెప్పుదురు; కుటుంబముతో గూర్చుండి చూడదగినది గాదని నేను జెప్పుదును. అయినను, 1868 నాటి సంధిచే లకోటా జాతివారికి విడిచిన భూమిలో, ఏ చట్టమును లేని చోట, బంగారమునకై చేరిన జనము క్రమముగా తమ సభను, తమ శిక్షను, తమ పన్నును ఎట్లేర్పఱచుకొనిరో ఆ నాటకము చూపినంత స్పష్టముగా చరిత్రపాఠము చూపదు. వివరములు తప్పినవి, కారణకార్యములు తప్పలేదు. కథలో మార్పదగినదేదో, మార్పగూడనిదేదో తెలిసికొనుటకు నా కీ నాటకము సహాయపడినది.

2024లో పా. రంజిత్ తీసిన "తంగలాన్" అను తమిళ చిత్రము, తెలుగులోనికిని వచ్చినది, మఱల కోలారునకే పోయినది. అందు మంత్రశక్తి గలదు, బంగారమును గాచు స్త్రీ గలదు. చరిత్రకారు డా దృశ్యములను జూచి నవ్వును. కాని బయలుదేరిన పేదవాడు ఎందుకు బయలుదేరెనో ఆ చిత్రమునకు తెలియును: తన భూమి తనకు దక్కవలెనని, తన భార్యకు రవిక దక్కవలెనని. భూతములున్న యీ కథ, భూతములు లేని యా కథకంటె నిజమునకు దగ్గఱగా నున్నదని నా యభిప్రాయము.

ఇక మన నగరపు మాట. నిజముతో నాటకము రక్తికట్టదను వారికి నిజాము రాజ్యపు గనుల కథ నొకదానిని వినిపింతును. 1886లో నిజాము ప్రభుత్వము తన రాజ్యములోని ఖనిజముల హక్కును ఇద్దఱు విదేశీయుల కిచ్చెను. చిత్రములోని కల్పిత దుర్మార్గునికి వలెనే, 99 ఏండ్లకు! వారు లండనులో పదిలక్షల పౌనుల మూలధనమని ప్రకటించి, హైదరాబాదు దక్కను కంపెనీని స్థాపించిరి. వాటాలలో నధికభాగము, రొక్కము చెల్లింపకయే, స్థాపకుల చేతికి బోయినది. వ్యవహారమును నడపిన యున్నతోద్యోగి అబ్దుల్ హఖ్, కంపెనీలో ప్రభుత్వమునకు వాటాలు కొనెను. అవి తన వాటాలే యని పిమ్మట తేలినది. 1888లో బ్రిటిషు కామన్సు సభవా రుపసంఘమును నియమించి విచారణ జరిపిరి. కొరడా లేదు, తుపాకి లేదు. కలము, కాగితము, ముద్ర మాత్రమే. సింగరేణి బొగ్గు ఈ కంపెనీయే త్రవ్వించినది. రాయచూరు సీమలోని హట్టి బంగారము నాడు నిజాము రాజ్యములోనిదే. అచ్చట ఆరువందల యడుగులకు పైబడిన లోతున ప్రాచీనుల త్రవ్వకములు కనబడినవి. యంత్రము లేని కాలమున నంత లోతునకు దిగినవా రెవ్వరో! 1947లో హైదరాబాదు గోల్డ్ మైన్స్ కంపెనీ యేర్పడినది. 1956లో ఆ సీమ మైసూరు రాష్ట్రమున గలసెను. హట్టి గని నేటికిని పని చేయుచున్నది. ఈ వృత్తాంతమును నాటకముగా వ్రాయువాడు లేకపోయెను. వ్రాయువానికి దుర్మార్గుని కల్పింపవలసిన శ్రమయైనను లేదు.

కావున నాటకకర్తలను నేను కోరునది స్వల్పము. పేర్లు మార్చుడు, తేదీలు మార్చుడు, ప్రేమకథను జేర్చుడు, పాటలు పాడింపుడు. కాని పనిచేసినవాడెవ్వడు, వాని పనివలన లాభపడినవాడెవ్వడు, వాడు తిరుగబడిన దెప్పుడు, ఈ మూటిని మాత్రము తలక్రిందులు చేయకుడు. "ఇది కల్పితము" అని మొదట వ్రాయుటకు మాఱుగా, కథ ముగిసిన పిదప, జనము లేవకముందే, "నిజముగా జరిగినది యిది" యని నాలుగు పంక్తులు చూపుడు. మీ కోట్లలో నొక్క రూపాయియు తగ్గదు.

గృహస్థులను కోరునది మఱియు స్వల్పము. పిల్లలను చూడవద్దని యాంక్షింపకుడు. ఆంక్షించిన కథ మఱింత తియ్యనగును. వారి ప్రక్కనే కూర్చుండి చూడుడు. ముగిసిన పిదప నొక ప్రశ్న యడుగుడు: "ఈ కథలో మాటాడని వారెవ్వరు?" ఏడేండ్ల బాలుడును ఆ ప్రశ్నకు సమాధానము చెప్పగలడు. సమాధానము చెప్పిన బాలుడు మఱునాడు తాతను గాని అవ్వను గాని మఱియొక ప్రశ్న యడుగును. అచ్చటినుండి చరిత్ర తనంతట తానే మొదలగును.

చిత్రములో కోలారు కథ పేలుడుతో ముగియును. నిజమైన కోలారున కట్టి ముగింపు లేదు. గనులు మూతపడినను సైనైడుతో కడిగిన మట్టిగుట్టలు మూడు కోట్ల టన్నులకు పైబడి యచ్చటనే నిలిచియున్నవి. గాలి వీచినపుడు ఆ ధూళి యిండ్లలోనికి వచ్చును. త్రవ్వినవారి పిల్లలు, మనుమలు వేకువనే మారికుప్పములో రైలెక్కి బెంగుళూరునకు పనికి బోయి, రాత్రికి మఱల వచ్చుచున్నారు. ఆ రైలులోని వారి కథను జెప్పుట కింకను నెవ్వరును కెమెరాతో రాలేదు.